ఐదంటే ఎన్ని

నైరోబీలో సియోంబువా చేసే ఉద్యోగం వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. యంత్రానికి లెక్క నేర్పడం. తెర మీద బొమ్మ వస్తుంది, అందులో మామిడిపళ్లు ఎన్నో, మేకలు ఎన్నో ఆమె చెప్పాలి. వేల బొమ్మలు చూశాక కూడా ఆ మొద్దు యంత్రం, మేక వెనక మేక నిలబడితే రెంటినీ కలిపి ఒకటే అంటుంది. మళ్లీ మొదటికి.

ఆమె దగ్గర నేర్చుకోవలసిన కన్నకూతురు కనీని మాత్రం కిటూయి పట్నం అవతల పల్లెలో, అమ్మమ్మ కలేక్యే దగ్గర ఉంది. కనీనికి మూడున్నరేళ్లు. ఒకటి నుంచి పది దాకా పాటలా గడగడా అప్పజెప్పేస్తుంది. మూడు కందిగింజలు ఇవ్వవే అంటే గుప్పెడు తెచ్చి ఒళ్లో పోస్తుంది. దానికి రెండు దాటితే అన్నీ ఒకటే.

ఆ తెలియనితనమే సియోంబువాకి కలిసొచ్చింది. సెలవు అడిగినప్పుడల్లా పైవాళ్లు వచ్చే నెల చూద్దామంటారు. కాదని వెళ్తే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. సాయంత్రం పిల్ల ఫోన్లో ఎప్పుడొస్తావని అడిగితే, ఐదు రోజుల్లో అనేది. పిల్ల మురిసిపోయేది. మర్నాడూ ఐదే, ఆ మర్నాడూ ఐదే. ఏం చెయ్యమంటారు, నిజం చెప్పి పసిదాన్ని ఏడిపించమంటారా? ఫోన్ పెట్టేశాక ఏడుపంతా ఆమెదే. పిల్ల జుట్టు వాసన గుర్తొచ్చి తిండి సయించేది కాదు.

ఒక సోమవారం కలేక్యే సంబరంగా కబురు చెప్పింది. ఐదు గింజలు అడిగితే కనీని ఒక్కొక్కటే లెక్కపెట్టి సరిగ్గా ఐదే ఇచ్చిందట. సియోంబువాకి సంతోషం వేసింది, ఆ వెంటనే తను చూడలేకపోయానే అని దిగులేసింది. ఆ పూట కూడా పిల్లకి ఐదు రోజులనే చెప్పింది. కలేక్యే ఐదు గింజలు చిప్పలో వేసి, రోజూ పొద్దున ఒకటి కోడికి వెయ్యి, అవి అయిపోయేసరికి అమ్మ వస్తుంది అంది మనవరాలితో.

మర్నాడు సాయంత్రం సియోంబువా అలవాటు కొద్దీ మళ్లీ ఐదు అనేసింది.

"కాదు," అంది పిల్ల. "పొద్దున ఒకటి కోడి తినేసింది. ఇంక నాలుగే ఉన్నాయి."

సియోంబువా ఫోన్ని చెవికి ఇంకా దగ్గరగా అదుముకుంది.

"నీకు లెక్క రాదా అమ్మా?" పిల్ల గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "పర్లేదులే, నాకూ వచ్చేది కాదు. నువ్విక్కడికొస్తే నేర్పుతా."

"రాదు తల్లీ," అంది సియోంబువా.

ఎప్పుడొస్తుందో మాత్రం ఈసారి చెప్పలేకపోయింది.