తడిగోడ మీద చెయ్యి

కోడలు ఊరికే అనుమానించే మనిషి కాదు. కానీ ఒకసారి అనుమానం పుట్టిందంటే దానికి వేళకింత తిండిపెట్టి పెంచుతుంది.

రంగుల ఫ్యాక్టరీలో పనిచేసినన్నాళ్ళూ ఆవిడకి దగ్గే దగ్గు. చివరికి ఉద్యోగం మానేసి, యోగా నేర్పడానికి పరీక్ష పాసై, వంటింటి పక్కనున్న సామాన్ల గదిని స్టూడియోగా మార్చడం మొదలుపెట్టింది. రంగు వాసన, జిగురు వాసన తగిలితే ఊపిరాడదు కాబట్టి అందులో అవేవీ ఉండకూడదు. గోడలకి మందంగా ఎండుగడ్డి పేర్చి, పైన మట్టిపూత వేయించింది. కూల్చేసిన ఇళ్ళ తలుపు చెక్కలు తెచ్చి నేలమీద పరిపించింది. గడ్డి పుణ్యమా అని లోపలి మాట బయటికి రాదు, బయటి గోల లోపలికి పోదు. ధ్యానానికి అంతకంటే ఏం కావాలని మురిసిపోయింది. వచ్చే నెల మొదటి నుంచే క్లాసులు. అప్పటికి గది సిద్ధం కాకపోతే, వస్తామన్నవాళ్ళు ఇంకోచోటు చూసుకుంటారు, ఆవిడ మళ్ళీ ఆ రంగు డబ్బాల మధ్యకే పోవాలి.

సరిగ్గా అప్పుడే గోడ పాడవడం మొదలైంది. సిమెంటు లేని పూత ఆరడానికి రోజులు పడుతుంది కదా, ఆ తడి మట్టిమీద ఎవరో చెయ్యి గట్టిగా అదిమినట్టు గుంటలు. పొద్దున్నే స్పాంజితో నున్నగా సర్దితే సాయంత్రానికి మళ్ళీ తయారు.

"ఎలకలేమో," అన్నాడు మొగుడు, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

"ఎలకలకి అయిదు వేళ్ళూ, అరచెయ్యీ ఉండవండి," అన్నాడు తాపీమేస్త్రి.

ఇంట్లో ఉండేది ముగ్గురు. మొగుడు పొద్దున్నే వీధి చివరి కళ్ళజోళ్ళ షాపుకి పోతాడు. పోయినా ఉన్నా ఆయనకి గోడ ఉందన్న సంగతే తెలీదు. ఇక మిగిలింది అత్తగారు. "మట్టిగోడలు వదిలించుకోడానికి మేం నానా తంటాలూ పడ్డాం, ఇది డబ్బిచ్చి మరీ పూయించుకుంటోంది," అని మొదట్లోనే దెప్పిందావిడ. మెట్ల మీద జారిపడ్డప్పటి నుంచీ గడప దాటొద్దని కొడుకు కట్టడి చేశాడు. ఆ ఉక్రోషమంతా గోడమీద చూపిస్తోందని కోడలు తేల్చేసింది.

తేల్చుకుంటే సరిపోతుందా, సాక్ష్యం కావాలి. గుమ్మంలో సున్నప్పొడి పల్చగా చల్లింది. మధ్యాహ్నం బజారుకెళ్ళి వచ్చేసరికి తెల్లటి అడుగులు స్టూడియోలోంచి బయల్దేరి, తిన్నగా అత్తగారి మంచం దాకా పోయాయి.

"అత్తయ్యా, ఆ గదిలోకి వెళ్ళారా?"

"నేనెందుకెళ్తానే ఆ మట్టికొంపలోకి?"

పాదాలు దుప్పట్లోకి లాక్కుంటూ ఎంత అందంగా అబద్ధమాడిందో! కోడలికి ఒళ్ళు మండిపోయింది. "నేను నాలుగు రాళ్ళు సంపాదించుకుంటే మీకేం పోతుందత్తయ్యా?" అని మొహంమీదే అడిగేసింది. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

మర్నాడు కోడలు వంటింట్లో కూరలు తరుగుతుంటే పక్క గదిలోంచి ధబ్బుమని చప్పుడు. కాసేపాగి రెండు గదుల మధ్య గోడ అదిరేలా దబదబా దెబ్బలు. అత్తగారి మంచం ఖాళీగా ఉంది. అంటే ఇప్పుడు చెయ్యి అదమడం చాలక గుద్దుతోందన్నమాట! తలుపు తీయబోయి ఆగింది. తనొక్కతే చూస్తే రేపు మళ్ళీ కాదంటుంది. ఫోన్ తీసింది.

"ఏమండీ, ఒకసారి రండి. మీ అమ్మగారి నిర్వాకం మీ కళ్ళతో మీరే చూద్దురుగాని."

"కస్టమరున్నాడు. పంపించేసి వస్తా."

"నిదానంగానే రండి. ఇంకాస్త కొట్టనీండి."

కూర పొయ్యి మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూచుంది. గోడ పోతేపోయింది, మళ్ళీ పూయించుకోవచ్చు. దొంగ దొరకడం ముఖ్యం. దెబ్బకీ దెబ్బకీ మధ్య మెల్లమెల్లగా ఎడం పెరిగింది. తర్వాత ఆగిపోయాయి. అలిసిపోయిందనుకుని నవ్వుకుంది కూడా.

మొగుడొచ్చాక ఇద్దరూ చప్పుడు చేయకుండా వెళ్ళి ఒక్కసారిగా తలుపు తోశారు.

అత్తగారు గోడవారన నేలమీద పడి ఉంది. ఒక కాలు పక్కకి ఒరిగిపోయి ఉంది. పెదాలు ఎండిపోయాయి. అరచేతుల నిండా మట్టి.

"అమ్మా!" అంటూ కొడుకు కూలబడ్డాడు.

"ముట్టుకోకురా, తుంటి నొప్పి." ఆవిడ కళ్ళు కోడల్ని వెతుక్కున్నాయి. "నీ క్లాసులో నేనూ చేరదామనుకున్నానే. అందరిముందూ పడితే నవ్వుతారని, గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డం నేర్చుకుంటున్నా. అలా నిలబడి చూపిస్తే వీడు నన్ను బయటికి పోనిస్తాడని."

కొడుకు అంబులెన్సుకి ఫోన్ చేస్తున్నాడు. కోడలు ఆవిడ తల మెల్లగా ఒళ్ళోకి తీసుకుంది.

"చాలాసేపు కేకలేశానే."

"వినపడలేదత్తయ్యా. నిజంగా వినపడలేదు. ఈ గోడలు..."

"పోనీలే. మరి గోడ కొట్టాను కదా, అదీ వినపడలేదా?"

ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే మొగుడు పెళ్ళాం మొహంలోకి చూశాడు.

"అది వినపడింది," అంది కోడలు.

అత్తగారు అర్థంకానట్టు చూసింది.

"మరి రాలేదేమే?"