జాబితాలో లేని వస్తువు

ఆదివారం పొద్దున అత్తయ్యా నేనూ సోయా మొలకల తోకలు తుంచుతున్నాం. మా ఆయన ఇన్‌చోల్ పక్కనే కూర్చుని, వ్యాట్ పడని సరుకుల జాబితా పైకి చదువుకుంటున్నాడు. పన్నుల శాఖలో గుమాస్తా. ఆ జాబితా మీద బుధవారం సియోల్‌లో బహిరంగ చర్చ. ఎవరేం మాట్లాడారో రాసే పని ఆయనది.

"బియ్యం, క్యాబేజీ, మొలకలు, పొయ్యి బొగ్గు, పుస్తకాలు..."

"నెలసరి ప్యాడ్లు?" అన్నాను.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "బోరమ్ వాళ్ళమ్మా, అమ్మ ముందు ఆ మాటలేంటి?" నన్నెప్పుడూ మా బిడ్డ పేరుతోనే పిలుస్తాడు.

మంచివాడే. చలికాలం నా బూట్లు, కింద నుంచి వేడెక్కే మా గది నేల మీద పెట్టి ఉంచుతాడు. కానీ పదకొండేళ్ళలో ఒక్కసారి ఆ పొట్లం కొని తెమ్మంటే, దుకాణం దాకా వెళ్ళి నారింజలు తెచ్చాడు. నేను కుట్టుమిషన్ల షెడ్డులో పనిచేస్తాను. ఆ రోజుల్లో లేచి వెళ్తే మేస్త్రీ నలభైమంది ముందు "మళ్ళీనా?" అంటాడు. అందుకని ఒకే ప్యాడుతో సాయంత్రం దాకా కూర్చుంటాను, ఒరుసుకుపోయినా. తినే మొలకలు అవసరమట. ఇది కాదట.

"నా ముందు కాక ఎవరి ముందంటుందిరా?" అంది అత్తయ్య, చెయ్యి ఆపకుండానే. "వాగులో మంచు పగలగొట్టి గుడ్డలు ఉతుక్కున్నదాన్ని. మీ నాన్న కంటపడకుండా బీరువా వెనక ఆరేసి, సగం తడివే కట్టుకునేదాన్ని. బుధవారం ఎన్నింటికి?"

"అమ్మా, మా పైఅధికారి ఉంటాడక్కడ. నా ప్రమోషన్ ఆయన చేతిలో ఉంది."

"ఉండనీ. ఆయన్ని కన్నదీ ఆడమనిషే."

బుధవారం సెలవు పెట్టి అత్తయ్యతో వెళ్ళాను. మధ్యాహ్నం దాకా ఎండుచేపల గురించి, పల్లె బస్సుల గురించి వాదించుకున్నారు. ప్యాడ్ల వంతు వచ్చేసరికి పైఅధికారి దాన్ని "ఆ ప్రత్యేక వస్తువు" అన్నాడు. "ఒక్కొక్కదానికీ ఇలా పన్ను వదిలేస్తూ పోతే, రేపు మగవాళ్ళు గడ్డం బ్లేడ్లకీ అడుగుతారు."

హాలంతా నవ్వింది. ఇన్‌చోల్ తలెత్తలేదు.

నేను లేచాను. "గడ్డం పెంచుకుని ఆఫీసుకి రావచ్చు సార్. దీన్ని ఆపుకుని మిషను ముందు కూర్చోవడం మా వల్ల కాదు."

నవ్వులు ఆగిపోయాయి. పైఅధికారి ఇన్‌చోల్ వైపు తిరిగాడు. "ఇది కూడా రాయాలా?"

ఇన్‌చోల్ కొత్త కాగితం ముందుకు లాక్కున్నాడు. "రాయాలి సార్," అన్నాడు. తర్వాత కొత్త మనిషిని అడిగినంత మర్యాదగా నన్నడిగాడు: "మీ పేరు చెప్పండి."

"నామ్ మిహ్యాంగ్. కుట్టుపని."

ఆ పన్ను పోవడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆయన ప్రమోషన్‌కి మూడేళ్ళు. అవేవీ అప్పటికి మాకు తెలియవు. ఆయన రాస్తున్నాడు, నేను ఆ కలాన్నే చూస్తున్నాను. ఇంతలో అత్తయ్య నా భుజం ఊతగా పట్టుకుని లేచింది.

"తర్వాత నాది రాయి నాయనా," అంది. "బాంగ్ ఓక్‌బున్."

కాగితాల మీద చూడటమే గాని, ఆ పేరు ఆమె నోట వినడం నాకదే మొదటిసారి.