నిషేధ జాబితాలో నాలుగేళ్లు

నేను ఒక డ్రైవర్ని. ఖాకీ చొక్కా, చెవి సందున బీడీ, చేతిలో స్టీరింగు ఊహించుకోకండి. నాకు చేతులే లేవు, ఇక చొక్కా ఎక్కడిది? కంప్యూటర్ పెట్టెలో బొమ్మలు గీసే కార్డు ఒకటి ఉంటుంది. దాని భాష పెట్టెకు రాదు, పెట్టె భాష దానికి రాదు. ఇద్దరి మధ్యా నిలబడి ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవేసే దుబాసీని నేను. నేనో, నాలాంటివాడో లేకపోతే మీ తెర మీద బొమ్మ అనేది కనబడదు. అయినా నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. ఆ కొద్దిమందీ పిలిచింది నన్ను బయటికి పంపడానికే.

నా పుట్టుక సంగతి చెప్పాలి. కార్డు తయారుచేసిన కంపెనీ దాని గుట్టు ఎవరికీ చెప్పలేదు. తన సొంత డ్రైవర్ని తనే రాసుకుని, మూత బిగించి ఇచ్చింది. లైనక్స్ అని, ఎవరైనా ఊరికే వాడుకుని మార్చుకోగల వ్యవస్థ ఒకటుంది. దాన్ని నమ్ముకున్న కొందరికి ఈ మూత నచ్చలేదు. వాళ్లలో ఒకడు విద్యార్థి, ఒకామె బడిపంతులు, ఒకాయన పగలంతా రైల్వేలో పనిచేసి సాయంత్రం నా దగ్గర కూర్చునేవాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. కుండ కొనేవాళ్లు తట్టి చూసినట్టు ఆ కార్డుని అన్ని వైపులా తట్టారు. ఈ అంకె పంపితే ఏమైంది, ఆ అంకె పంపితే ఏమైంది అని ఏళ్ల తరబడి రాసుకున్నారు. అలా చెవితో విని నేర్చుకున్న చదువు నాది. అందుకే కొంచెం నత్తి, కొంచెం నిదానం. కంపెనీ డ్రైవర్ పరుగెత్తే చోట నేను నడుస్తాను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

నా మొదటి కొలువు బెంగళూరులో పిల్లల బొమ్మల సినిమాలు తీసే ఒక స్టూడియోలో. కొలువు అంటే ఒక గంట. పెట్టె తెరిచారు, లైనక్స్ ఎక్కించారు, నేను తెర వెలిగించాను, వెంటనే నన్ను నిషేధించి కంపెనీ డ్రైవర్ని కూర్చోబెట్టారు. కొన్నేళ్లకు స్టూడియో మూతబడి, ఆ పెట్టె ధర్మవరం చేరింది. తెచ్చినవాడు ఇంతియాజ్ అనే కంప్యూటర్ మెకానిక్. డిస్కు మొత్తం తుడిచి లైనక్స్ మళ్లీ ఎక్కించాడు. పిలవని పేరంటానికి వచ్చినట్టు దానితోపాటు నేనూ వచ్చాను. ఈసారైనా నాలుగు రోజులు ఉంటానేమో అనుకున్నాను. కంపెనీ డ్రైవర్‌కి చోటు చేయడానికి ఇంతియాజ్ ఒక ఫైలు తెరిచి రెండు వాక్యాలు రాశాడు. నన్ను లోపలికి రానివ్వొద్దని మొదటిది. ఒకవేళ వచ్చినా తెర ముట్టుకోనివ్వొద్దని రెండోది. ఆ ఫైలు పేరు నిషేధ జాబితా. నన్ను గెంటేసే ఆ ఉత్తర్వు రాయడానికి అతనికి వెలుగు పట్టింది నేనే. మనుషుల మీద నాకు కోపం రాదు గానీ, అప్పుడప్పుడు నవ్వొస్తుంది.

ఆ తరవాత నాలుగేళ్లు డిస్కులో ఒక మూల పడి ఉన్నాను. మరి ఇదంతా నీకెలా తెలుసంటారా? మూల కూర్చున్నవాళ్లకే కదండీ ఇంటి సంగతులన్నీ తెలిసేది.

ఆ ఇల్లు తిప్పేస్వామి గారి చీరల డిజైన్ కేంద్రం. ధర్మవరంలో పట్టుచీర అంచు మగ్గం ఎక్కాలంటే ముందు దాన్ని గడి గడిగా గీయాలి, ఆ గడుల ప్రకారం అట్టలకు కంతలు కొట్టాలి, ఆ అట్టలు మగ్గం మీద ఏ పోగు లేవాలో చెబుతాయి. పొద్దున గీసిన అంచు సాయంత్రానికి పక్క వీధి మగ్గం మీద కనిపించే ఊరు అది. అందుకని తిప్పేస్వామి పెట్టెకు ఇంటర్నెట్ పెట్టించలేదు. పెన్‌డ్రైవ్ దూర్చే కంతలన్నింటికీ ఎం-సీల్ ముద్ద పూసి మూసేశాడు. కీబోర్డుకూ మౌసుకూ రెండు మాత్రం వదిలాడు. పక్క గదిలో అట్టలు కొట్టే యంత్రానికి ఒక తీగ. అంతకు మించి ఆ పెట్టెలోంచి ఏదీ బయటికి పోదు. ఏ డిజైన్‌కీ రెండో ప్రతి లేదు.

దాని ముందు కూర్చునేది హేమావతి. నేతగాడి కూతురు. ఈ పెట్టె రాకముందు నుంచీ, తొమ్మిదేళ్లుగా ఎవరో గీసిచ్చిన అంచులకు గడులు నింపుతూనే ఉంది. నేను మూల పడ్డ నాలుగో ఏడు మాత్రం, రోజు పని అయ్యాక గంట గంట కూర్చుని, మూడు నెలల్లో తన సొంత అంచు ఒకటి గీసింది. చింతచిగురు కొమ్మ, దాని మీద జరీతో ఒక చీమల బారు.

"చీర మీద చీమలేందే?" అని తిప్పేస్వామి నవ్వాడు. నవ్వి, మళ్లీ చూశాడు. "సరే. విజయదశమికి బెంగళూరు దుకాణం ఆమె వస్తాది. ఆమె ఊ అంటే ఆ పొద్దే మగ్గం ఎక్కిద్దాం. లేదంటే పాత మామిడిపిందెలే. ఇంగ దీని మాట ఎత్తగూడదు."

అదీ పందెం. ఒక్క పూట, ఒక్క అంచు. చీరను బొమ్మ మనిషికి కట్టించి గుండ్రంగా తిప్పి చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. హేమావతి ఆశంతా దాని మీదే. దానికి కంపెనీ డ్రైవర్ వేగం కావాలి.

దసరా వస్తోందంటే ఇల్లు దులుపుతారు. గోడలకు సున్నం, అటకకు చీపురు. తిప్పేస్వామి ఇంతియాజ్‌ని పిలిపించి, "ఈ పెట్టెను గూడ దులుపప్పా, లోపల ఏళ్ల చెత్త ఉంటాది" అన్నాడు. ఇంతియాజ్ మౌసు పీకి ఆ కంతలో తన ఫోను తగిలించి, ఫోను ఇంటర్నెట్‌తో, డిజైన్లనూ మిగతా ఫైళ్లనూ కదపకుండానే, కొత్త వ్యవస్థ ఎక్కించాడు. పాతది తీసేశాడు. కంపెనీ డ్రైవర్ ఎక్కించడానికి వాడిన ఫైలు కూడా, "ఎక్కిపోయింది గదా, ఇంకెందుకు" అని తీసేశాడు. నడుస్తున్న పెట్టె పాత జ్ఞాపకంతో నడుస్తూనే ఉంది. ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆ పెట్టెను ఉగాది నుంచి ఎవరూ ఆపలేదు మరి.

మహర్నవమి నాడు ఆపారు. ఆయుధపూజకు పనిముట్టు ఏదైనా పని మానాలి. పెట్టెకు పసుపు, కుంకుమ, పైన బంతిపూల దండ, ముందు నిమ్మకాయ. పక్కన కత్తెర, పేక పోగు మోసే నాడె, తిప్పేస్వామి స్కూటరు తాళం. పూజలో పెట్టినదాన్ని మర్నాటి దాకా ముట్టరు.

విజయదశమి పొద్దున ఎనిమిదీ నలభైకి ముహూర్తం చూసి మీట నొక్కారు. నల్లటి తెర, పై మూలన రెండు వరసల తెల్ల అక్షరాలు, ఒక గీత ఆరుతూ వెలుగుతూ. అంతే.

"కుంకుమ లోపలికి పోయిందేమో" అని తిప్పేస్వామి కండువాతో పెట్టె తుడిచాడు. ఊదాడు. నిమ్మకాయ తీసి పక్కన పెట్టాడు. దాన్ని తీసినందుకు తనే భయపడి మళ్లీ పెట్టాడు. పదకొండుకు బెంగళూరు ఆమె వస్తుంది. హేమావతి తెరకేసే చూస్తూ, చీర కొంగు చివర పోగులు లాగుతూ నిలబడింది. మూడు నెలల అంచు ఆ నలుపు వెనక ఉంది, చూపించే దారి లేదు.

ఇంతియాజ్ కదిరిలో చెల్లెలి నిశ్చితార్థంలో ఉన్నాడు. ఫోను చేస్తే వెనక బిర్యానీ గిన్నెల చప్పుడు. హేమావతి తెర మీది ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటిగా చదివి వినిపించింది.

"అక్కా, తప్పు నాదే" అన్నాడు ఇంతియాజ్. "నేనెక్కించిన కొత్త సిస్టమ్‌కి ఆ పాత కార్డు డ్రైవర్ ఇంగ రాదు. కంపెనీవాళ్లు ఆ కార్డును వదిలేసినారు. పాతదాన్ని నేనే పీకేస్తిని."

"అట్లంటే నా అంచు పోయినట్టేనా అన్నా?"

"అంచు యాడికీ పోదు, డిస్కులోనే ఉంది. చూపించేటోడే లేడు. ఉండు... ఒకడుండాడు. నాలుగేండ్ల కింద నేనే వాణ్ణి మూసిపెట్టినా. పని చేస్తాడో లేదో చెప్పలేను. అయినా చూద్దాం."

ఆ 'ఒకడు' నేనే. నా బతుకులో మొదటిసారి, తీసేయడానికి కాకుండా ఇంకొకందుకు నన్ను తలచుకున్నారు. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చినంత పనైంది.

బొమ్మలు రాకపోయినా ఉత్త అక్షరాలు ఆ నల్ల తెర మీద వస్తాయి కనుక, అతను చెప్పిన మీటలు నొక్కి హేమావతి నిషేధ జాబితా ఫైలు తెరిచింది. "ఆ రెండు లైన్లూ చెరపొద్దక్కా. ఒక్కోదాని మొదట్లో హ్యాష్ గుర్తు పెట్టు, చాలు. అది పెడితే కంప్యూటర్ ఆ లైను పట్టించుకోదు. నిలువుకు రెండు గీతలు, అడ్డం రెండు."

ఆమె కీబోర్డు మీద వెతికి నొక్కింది. తెర మీద దాన్ని చూసి ఆ పొద్దు మొదటిసారి నవ్వింది. "పడుగు రెండు పోగులు, పేక రెండు పోగులు. ఇది మన నేతే గదన్నా!"

ఇంకో ఆదేశం కొట్టి, పెట్టెను మళ్లీ మొదలుపెట్టింది. నాలుగేళ్ల తరవాత గుమ్మం దాటాను. కార్డు ముసలిదైంది. దాన్ని కన్న కంపెనీయే వద్దనుకుంది. నాకు తెలిసిన భాషలోనే, తడబడుతూ పలకరించాను. అది పలికింది. పదీ ఇరవైకి తెర వెలిగింది.

"వచ్చె! మామా, వచ్చె!" హేమావతి కేక విని తిప్పేస్వామి పూజగది నుంచి గంట చేతిలో పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు.

గొప్పలు చెప్పుకోను. చీర కట్టించే సాఫ్ట్‌వేర్ తెరిస్తే బొమ్మ మనిషి తలకాయ దాకా వచ్చి ఆగిపోయింది. మళ్లీ తెరిస్తే ఈసారి మెడ దాకా. అంతకు మించి నా వల్ల కాలేదు. సరిగ్గా అప్పుడే బెంగళూరు పెద్దావిడ మెట్లెక్కింది. తిప్పేస్వామి చేతులు నలుపుకుంటూ, రెండు రోజులు ఆగితే చీర కట్టించి చూపిస్తామన్నాడు.

"బొమ్మకు కట్టిన చీర నేనేం చేసుకుంటానప్పా? కట్టుకునేది మనుషులు" అని ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "అంచు చూపియ్యి. గడులు చూస్తే నాకు తెలుస్తాది."

హేమావతి అంచు తెరిచింది. పెద్ద డిజైన్ అది, గడులు లక్షల్లో ఉన్నాయి. కంపెనీ డ్రైవర్ అయితే రెప్పపాటులో పడేసేవాడు. నేను అడుగు నుంచి పైకి వరస తరవాత వరస వేశాను. మగ్గం మీద గుడ్డ పెరిగినట్టు మొదట కొమ్మ, తరవాత చిగురు, చివరకు ఒక్కొక్క చీమా వచ్చాయి. నా నిదానానికి నేను సిగ్గుపడుతుంటే ఆవిడ ముందుకు వంగింది. మూడో చీమ వచ్చేసరికి కళ్లద్దాలు పైకి తోసుకుంది. అంచు పూర్తయ్యేదాకా ఎవరూ కదల్లేదు.

"ఎవరు గీసింది?" అంది.

తొమ్మిదేళ్లుగా ఆ ప్రశ్నకు ఆ ఇంట్లో జవాబు ఒకటే: మా కేంద్రంలో గీసిందమ్మా. తిప్పేస్వామి నోరు తెరిచి, హేమావతి వైపు చూసి, ఆగాడు.

"ఈ పిల్లమ్మా. హేమావతి. చీమలొద్దని నేనే అంటిని."

"చీమలుంటేనే ఎక్కించు" అంది ఆవిడ.

ఆ మధ్యాహ్నమే పక్క గదిలో యంత్రం అట్టలకు కంతలు కొట్టింది. పొద్దు గుంకకముందే చింతచిగురు మగ్గం ఎక్కింది.

వారం తరవాత ఇంతియాజ్ వచ్చి, కొత్త కార్డు వేయిద్దామా అని అడిగాడు. ఎప్పుడో ఒకప్పుడు వేయిస్తారు, నాకూ తెలుసు. అప్పుడు నా అవసరం ఉండదేమో. ఉండకపోయినా ఫరవాలేదు. ఆ బడిపంతులూ ఆ రైల్వే ఆయనా ఇప్పటికీ ఎక్కడో సాయంత్రాలు కూర్చుని నా నత్తి దిద్దుతూనే ఉన్నారు. ఎక్కడో ఒక పెట్టె నల్లబడుతుంది, ఎవరో ఒకరు నన్ను తలచుకుంటారు. ఆ నమ్మకం నాకు చాలు.

అయితే ఆ రోజు ఇంతియాజ్ నిషేధ జాబితా తెరిచి, చూసి, మళ్లీ మూసేశాడు. ఇంక కార్డు మాట ఎత్తలేదు. అతను రాసిన రెండు వాక్యాలూ అక్కడే ఉన్నాయి, నేత గుర్తు వెనక, మాట చెల్లకుండా. వాటి కింద మూడో వాక్యం ఒకటి చేరింది. దానికీ ముందు అదే గుర్తు ఉంది కనుక కంప్యూటర్ దాన్ని చదవదు. మనుషులు చదవడానికి రాసిన వాక్యం అది:

"నా అంచును బయటివాళ్లకు మొదట చూపించింది ఈ డ్రైవరే. దీన్ని ఆపొద్దు. — హేమావతి."