తలుపుకి తెలియని మనిషి

ఆఫీసు తలుపు పక్కనున్న కార్డు పెట్టెను తడిగుడ్డతో తుడిచి, మెడలో వేలాడుతున్న కార్డును ఆనించి, పచ్చదీపం వెలిగాకే వాచ్‌మన్ లోపలికి అడుగుపెట్టాడు. బయటికెళ్లి ఉమ్మి వచ్చినా ఇదే తంతు. పదకొండేళ్లుగా తాడు రాసుకుని మెడ వెనక నల్లటి గీత పడింది. మోకాళ్లు అరిగాయి, ఒక కంటికి పొర కమ్మింది. అయినా ఒకరి కార్డు మీద ఇంకొకరు దూరిపోవడం ఆయన దగ్గర సాగదు. అందరికీ ఆయన కార్డు బాబాయ్. కొందరికి ముద్దుగా, కొందరికి కడుపుమంటతో.

"రోజూ చూసే మొహమే కదా బాబాయ్, ఇంకా కార్డెందుకు?" చేతినిండా ఫైళ్లతో టైపు సెక్షన్ అమ్మాయి విసుక్కుంది.

"నాకు తెలుసమ్మా. తలుపుకి తెలీదుగా."

"పిన్నిని కూడా ఇలాగే ఆపుతావా?"

"ఇంటి దగ్గర ఆవిడే నన్నాపుతుంది."

ఫైళ్లు తాను పట్టుకుని, ఆమె కార్డు ఆనించేదాకా కదల్లేదు.

కాపలావాళ్లలో ఒకరిని తీసేస్తారని సూపర్‌వైజర్ చెవిన వేసి వారమైంది. ఇంట్లో చెప్పలేదు. తప్పు దొరక్కపోతే తన జోలికెందుకొస్తారని ధీమా. అందుకే మరీ పట్టుబట్టాడు. సొరుగులకే తాళంచెవులు వదిలేసినవాళ్లను పిలిచి మరీ చెప్పాడు. నిన్న మేనేజరునే కార్డు చూపమన్నాడు. ఆయన చూపించాడు గానీ నవ్వలేదు.

మధ్యాహ్నం అన్నానికి ముందు, బయటి కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చి కార్డు ఆనించాడు. ఎర్రదీపం. చొక్కాకి తుడిచి మళ్లీ ఆనించాడు. ఎర్రదీపమే. అద్దం అవతల సూపర్‌వైజర్ ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. తీసేసింది ఎవరినో ఇక అడగనక్కర్లేదు.

అప్పుడే వచ్చిన టైపు అమ్మాయి తన కార్డుతో తలుపు తీసి భుజంతో ఆపి పట్టుకుంది.

"రా బాబాయ్. నువ్వెవరో మాకు తెలీదా?"

ఆయన గడప వంక చూశాడు. ఒక్క అడుగు.

"నీ వెనకాల నేను దూరితే, ఇన్నాళ్లూ నేనాపినవాళ్లకి ఏం చెప్పను తల్లీ?" కార్డు మెడలోంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "లోపల ఇచ్చెయ్. ముందా తలుపు వెయ్యి, అంతసేపు తెరిచుంచకూడదు."

తలుపు పడి, తాళం చప్పుడు వినిపించాకే మెట్లు దిగాడు. వీధి మలుపులో గానీ గుర్తురాలేదు, భార్య మొదట అడిగేది క్యారేజీ గురించేనని.

లోపల, ఆయన స్టూలు కింద, ఆవిడ గుడ్డతో బిగించి కట్టిన ముడి విప్పని క్యారేజీ ఇంకా గోరువెచ్చగా ఉంది.