ఒక్క నీటి అణువు

మెషిన్ గది తలుపు తోయగానే మాస్టారు ఎప్పటిలాగే శాలువా భుజాల మీదికి లాక్కున్నారు. కంప్యూటర్ యంత్రాలు వేడెక్కకుండా ఆ గదిని మంచుగడ్డలా ఉంచుతారు. అయినా ఈ పూట ఆయన మెడ మీద చెమట పట్టింది. ఎడమ చెయ్యి పొద్దుటి నుంచీ తనది కానట్టే ఉంది. చెయ్యే కదా, ఏం చేస్తుందిలే అనుకున్నారు.

వెలుతురు తిని బతికే బాక్టీరియాలోని ఒక ప్రోటీన్ ఏ రంగు వెలుగును పీల్చుకుంటుందో, పీల్చినదాంట్లో ఎంత మరో రంగులో కక్కేస్తుందో కంప్యూటర్లో లెక్కకట్టడం ఆయన పని. పంతొమ్మిదేళ్ళుగా అదే. లెక్కలో వచ్చిన గీతను పల్చటి ప్లాస్టిక్ కాగితం మీద అచ్చు వేసి, పక్క గదిలో అసలు ప్రోటీన్ మీద వెలుగు వేసి కొలతలు తీసే అమ్మాయి ఇచ్చిన గీత మీద పరుస్తారు. చివర ఉన్న మూపురం తప్ప అంతా కలుస్తుంది. అది మాత్రం గోరంత పక్కకి జరిగే ఉంటుంది.

"మీ ఎద్దుకి మూపురం జారిపోయింది మాస్టారూ," అని ఏడిపిస్తుంది అమ్మాయి.

"ఎద్దు ముసలిదైంది గానీ పొగరు చావలేదమ్మా."

మొన్న స్నానం చేస్తూండగా ఆయనకు తట్టింది. ప్రోటీన్‌లో రంగునిచ్చే అణువు పక్కన ఒక్క నీటి అణువు ఇరుక్కుని ఉంటుంది. ఏం చేస్తుందిలే అని మొదట్లోనే దాన్ని లెక్కలోంచి తనే తీసేశారు. ఇప్పుడు తిరిగి చేర్చారు. రెండు రోజులుగా లెక్క నడుస్తోంది. ఈ సాయంత్రం నాలుగింటికి ఈ పాత యంత్రాలను పూర్తిగా ఆపేస్తారు. ఆలోపు తేలకపోతే ఇక తేలదు.

రెండింటికి భార్య ఫోన్ చేసింది.

"చెయ్యి ఎలా ఉందండీ? డాక్టరు మూడింటికల్లా రమ్మన్నారు."

"నాలుగు దాటనీ, వెళ్దాం."

"మీ నాలుగు ఏనాడు దాటింది గనక! ఆ పురుగుల కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటారా?"

"పురుగులు కాదే, బాక్టీరియా."

"ఏదో ఒకటి. మీకు వండిపెట్టేది నేనా, అవా?"

ఆయన నవ్వబోయారు. నవ్వు గుండెల దగ్గరే పట్టేసింది.

మూడున్నరకు తెర మీద లెక్క తొంభై తొమ్మిది శాతం. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి అమ్మాయి ఇచ్చిన గీత మీద పెట్టారు. కాసేపు కళ్ళు మూసుకుంటే చాలనిపించింది. యంత్రాల హోరు దగ్గరికి వచ్చింది, తర్వాత దూరమైంది.

నాలుగుకు ఐదు నిమిషాలుండగా లెక్క ముగిసి ప్రింటరు కదిలింది. ఆ చప్పుడుకి అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. కళ్ళజోడు పక్కకు జరిపి, వెచ్చగా ఉన్న ప్లాస్టిక్ కాగితాన్ని గీత మీద పరిచింది. మూపురం సరిగ్గా వచ్చి కూర్చుంది.

"మాస్టారూ, లేవండి! మీ ఎద్దు గెలిచింది!"

శాలువా నేల మీదికి జారి ఉంది. ఆయన చెయ్యి పట్టుకుని కుదిపింది. అదీ ఆ గదిలాగే చల్లగా తగిలింది.

నాలుగింటికి యంత్రాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బల్ల మీద, ఒక్కటైపోయిన రెండు గీతల పక్కన, కాడలు మడవని కళ్ళజోడు. ఒక అద్దం మీద చెమట వేలిముద్ర.