ఐదు కిలోల అబద్ధం

తన బరువు సంగతి ఎవరైనా ఎత్తితే నర్సమ్మకు ఒళ్ళు మండేది. కానీ ఏం లాభం? ఆమె పని చేసేది హెలికాప్టర్ అంబులెన్సులో. అంత చిన్న హెలికాప్టర్‌కు ప్రతి కిలో లెక్కే. ఎక్కేముందు ఎవరి బరువు వాళ్ళు గట్టిగా చెప్పాలి, పైలట్ దాన్ని షెడ్డు గోడకున్న పలకమీద రాయాలి. తూకం యంత్రం ఒకటుండేది గానీ, అది ఎప్పుడు చూసినా పాడయ్యే ఉండేది.

"డెబ్బై ఎనిమిది," అనేది నర్సమ్మ, పైకప్పు వంక చూస్తూ.

"అలాగే తల్లీ, అలాగే," అంటూ పైలట్, అందరూ పెద్ద కెప్టెన్ అని పిలిచే ఆయన, ఎనభై మూడు రాసేవాడు.

"బాబాయ్! నామీద ఇంత అపనమ్మకమా?"

"నమ్మకమే అమ్మడూ! ఎప్పుడూ ఐదే తగ్గిస్తావు, పొరపాటున కూడా ఆరు తగ్గించవు!"

షెడ్డంతా పగలబడి నవ్వేది.

అలాంటి మనిషి నిరుడు పోయాడు. రోగిని ఆసుపత్రిలో దింపి ఒక్కడే తిరిగొస్తుంటే గాల్లో ఇంజన్ ఆగిపోయింది. ఆ రోగి చెయ్యి వదలకపోవడంతో నర్సమ్మ అక్కడే ఉండిపోయింది, బతికిపోయింది. ఆనాటి నుంచి మళ్ళీ హెలికాప్టర్ ఎక్కలేదు. కిందే ఉండి మందుల పెట్టెలు సర్దుకుంటూ కాలం గడిపింది.

ఈ ఉదయం కబురొచ్చింది. కొండమీది ఊళ్ళో ఒకామెకు బిడ్డ అడ్డం తిరిగింది. మరో నర్సేమో జ్వరంతో మంచమెక్కింది. ఇక తను వెళ్తేనే తల్లీబిడ్డా దక్కుతారు. సంచీ భుజాన వేసుకుని నర్సమ్మ షెడ్డులోకి వచ్చింది.

కొత్త పైలట్ ఒక అమ్మాయి. చూస్తే కాలేజీ పిల్లలా ఉంటుంది. పలకమీద ముందు తన బరువు రాసుకుంది, యాభై రెండు. "నీదెంత అక్కా?"

"డెబ్బై ఎనిమిది," అంది నర్సమ్మ అలవాటుగా, పైకప్పు చూస్తూ.

ఆ పిల్ల బుద్ధిగా డెబ్బై ఎనిమిదే రాసేసింది.

నర్సమ్మ ఇంకో మాట కోసం ఎదురుచూసింది. రాలేదు. ఏడాదిపాటు ఏడ్చింది గానీ, బాబాయ్ ఇక లేడన్న సంగతి ఆ అంకె చూశాకే నిజంగా తెలిసొచ్చింది. ఈ పిల్ల తన మాట నమ్మి ఇంధనం లెక్క కడుతోంది. అవతల నిండు చూలాలిని ఎక్కించుకుని రావాలి.

"ఆగవే తల్లీ! ఎనభై మూడు!"

మూలన నట్లు బిగిస్తున్న మెకానిక్ నోరు తెరిచాడు. "అమ్మో! ఇన్నాళ్ళకు నీ నోటివెంట నిజం వచ్చిందా!"

"ఏం చెయ్యమంటావురా, ఐదు కలిపి రాసే మనిషి లేడుగా," అని నవ్వబోయి వెక్కిపడింది నర్సమ్మ. వెక్కుతూనే మళ్ళీ నవ్వింది. "పొద్దున తిన్నది కూడా వేసుకోవే. ఎనభై నాలుగు."

పైలట్ ఎనభై నాలుగు రాసింది. కాసేపు గోళ్ళు చూసుకుంది. తర్వాత మెల్లిగా తన యాభై రెండు చెరిపి యాభై ఆరు వేసింది.

"నీ దుంపతెగ!" అంటూ నర్సమ్మ కళ్ళు తుడుచుకుని, ఆ పిల్లకంటే ముందే వెళ్ళి హెలికాప్టర్ ఎక్కి కూర్చుంది.