వెనకాల నిలబడే మనిషి

ఆ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ యజమానికి ఒకే ఒక్క జబ్బు. పనిచేస్తున్నవాళ్ల కుర్చీ వెనకాల నిలబడి "ఎంతవరకు వచ్చింది?" అని అడగకపోతే ఆయనకు తిన్నది అరగదు. మంచి డెవలపర్లంతా ఒక్కొక్కరుగా తలో దారి చూసుకున్నారు. మిగిలింది, అందరికంటే ముందు చేరిన పాతకాపు ఒక్కడే. ఒంటిచేత్తో అతనెంతని లాగుతాడు? ఉన్న ఒక్క పెద్ద క్లయింటూ విసిగిపోతే కంపెనీకి తాళం వేసుకోవడమే.

ఆఫీసు కళకళలాడుతుంటే జనం నిలుస్తారని ఎవరో చెప్పగా విని, యజమాని టేబుల్ టెన్నిస్ బల్ల, కాఫీ మిషను, పసుప్పచ్చ బీన్ బ్యాగూ తెచ్చి పెట్టాడు. భార్య చూడ్డానికొచ్చింది.

"మీరు వంటింట్లోకొచ్చి మాటిమాటికీ మూత తీసి చూసిన రోజు నా కూర ఎప్పుడైనా కుదిరిందా? గిన్నెలు మారిస్తే ఏం లాభం?"

"దానికీ దీనికీ ఏంటే సంబంధం?"

"ఏం లేదులెండి."

కొత్త డెవలపర్ కోసం పెట్టిన ఇంటర్వ్యూకి వచ్చినావిడకు పనిలో దిట్టని పేరు. ఎక్కడికెళ్లినా రమ్మనేవాళ్లే. యజమాని ఆవిడకు అన్నీ తిప్పి చూపించి, "ఎంత మెత్తగా ఉంటుందో చూడండి" అంటూ బీన్ బ్యాగ్‌లో తనే కూలబడ్డాడు. ఇక లేస్తే ఒట్టు. ఒక చెయ్యి ఆవిడ, ఒక చెయ్యి పాతకాపు పట్టుకుని లాగారు. లేచీ లేవగానే ఆయన పాతకాపు వైపు తిరిగి, "ఎంతవరకు వచ్చింది?" అన్నాడు.

"మిమ్మల్ని లాగేదాకా వచ్చింది సార్."

ఆవిడ నవ్వాపుకుని పాతకాపునే అడిగింది. "ఇక్కడ ఎలా ఉంటుందండీ?"

"సార్ మనసు వెన్న. కాకపోతే ఆయన వెనకాల నిలబడితే నాకు నా పేరు కూడా గుర్తుండదు."

యజమాని మొహం మాడిపోయింది. ఆవిడ మాత్రం బల్లనీ మిషనునీ దాటుకుంటూ పోయి, విరిగిన కుర్చీలు పడేసిన గది తలుపు తోసి చూసింది.

"దీనికి లోపల గడియ ఉందా?"

"ఉంది."

"మేమిద్దరం ఇందులో కూర్చుంటాం. శుక్రవారం సాయంత్రం చేసిందంతా మేమే చూపిస్తాం. ఈలోపు మీరు తలుపు తట్టకూడదు. తట్టారా, నేను సంచీ సర్దుకుంటాను."

యజమాని సరేనని తలూపాడు.

ఆవిడ చేరిన సోమవారం, మధ్యాహ్నం కాకుండానే ఆయన కాళ్లు ఆయన్ని ఆ తలుపు ముందుకు తెచ్చి నిలబెట్టాయి. చెయ్యి దానంతటదే లేచింది. దాన్ని బలవంతాన జేబులో దూర్చి, అక్కడ దొరికిన ఫోను తీసి భార్యకు చేశాడు.

"తలుపు దగ్గరున్నానే. మెల్లిగా ఒక్కసారి తట్టనా?"

"తట్టండి. రేపట్నుంచి ఆ ప్రోగ్రాములు మీరే రాసుకుందురుగాని."

"మరేం చెయ్యమంటావు?"

"ఆ పసుప్పచ్చ మూట ఉందిగా. వెళ్లి అందులో కూర్చోండి."

"కూర్చుంటే లేవలేనే."

"అందుకే."

కూర్చున్నాడు. ఆ వారమంతా సాయంత్రాలు ఇంటికెళ్లేముందు ఇద్దరూ ఆయన్ని చెరో చెయ్యీ పట్టి లేపి, వెళ్లొస్తామని చెప్పి వెళ్లారు. శుక్రవారం కూడా అలాగే లేపారు. కానీ ఆయన నోరు తెరిచేలోపే ఆవిడ అంది:

"అయిపోయింది సార్. రండి, వెనకాల నిలబడి చూద్దురుగాని."